కారులో కాంపోనెంట్ స్పీకర్లు: క్రాస్ఓవర్ పని తెలిస్తే వైరింగ్ దానంతట అదే తేలుతుంది

కాంపోనెంట్ సెట్ అంటే కింది శబ్దాలకు వూఫర్, పై శబ్దాలకు ట్వీటర్, ఏది ఎటు వెళ్లాలో విడగొట్టే క్రాస్ఓవర్ అనే చిన్న పెట్టె. దాన్ని కొని వైరింగ్‌కి దిగేవారిని మొదట పట్టుకునే అనుమానం ఒకటుంది. వూఫర్ వెనక 4 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. ట్వీటర్ వెనకా 4 ఓమ్‌లే. రెండూ ఒకే చానెల్‌కి వెళ్తాయి. బడిలో నేర్చుకున్న లెక్క ప్రకారం రెండు 4 ఓమ్‌ల నిరోధాలను సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు అవుతుంది. స్టీరియో మీదేమో 4 ఓమ్‌లకు తక్కువ లోడ్ పెట్టొద్దని ఉంటుంది. మరి ఇలా కలిపితే స్టీరియో కాలిపోదా?

కాలిపోదు. మధ్యలో క్రాస్ఓవర్ ఉన్నంతసేపూ ఆ జత మొత్తం యాంప్లిఫయర్‌కి దాదాపు 4 ఓమ్‌ల లోడ్‌గానే కనబడుతుంది. ట్వీటర్ దారిలో 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉందనుకుందాం. 200 హెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటర్ ఒక్కటే 80 ఓమ్‌ల దాకా అడ్డుపడుతుంది. అంటే ఆ ఫ్రీక్వెన్సీలో ట్వీటర్ అనేది ఒకటుందని యాంప్‌కి దాదాపు తెలియదు, వూఫరే లోడ్. 10,000 హెర్ట్జ్‌కి వెళ్తే వరస తిరగబడుతుంది. వూఫర్ దారిలో ఉన్న కాయిల్ అడ్డుపడి, కరెంటులో ఎక్కువ భాగం ట్వీటర్‌కి వెళ్తుంది. రెండూ కలిసి పూర్తి కరెంటు లాగే ఫ్రీక్వెన్సీ ఎక్కడా ఉండదు. ఒక కెపాసిటర్, ఒక కాయిల్‌తో చేసిన మామూలు క్రాస్ఓవర్‌లో స్పీకర్లను శుద్ధ నిరోధాలుగా తీసుకుని లెక్క కడితే, పై నుంచి కింది దాకా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరైనా సరిగ్గా 4 ఓమ్‌లే వస్తుంది.

క్రాస్ఓవర్‌ని చాలామంది వైర్లు చీల్చే జంక్షన్ పెట్టెలా చూస్తారు. ఒక పక్క రెండు వైర్లు లోపలికి, రెండో పక్క నాలుగు వైర్లు బయటికి, అంతే అనుకుంటారు. ఆ పెట్టెలోని భాగాలూ బయట ఉన్న స్పీకర్లూ కలిసి ఒకే సర్క్యూట్. స్పీకర్ మారితే సర్క్యూట్ మారిపోతుంది, ఒకటి ఊడితే సర్క్యూట్ ఇంకోలా ప్రవర్తిస్తుంది. కాంపోనెంట్ వైరింగ్‌లో ఎదురయ్యే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

పెట్టె లోపల

మూత తీసి చూస్తే కనబడేవి తక్కువే. రాగి తీగ చుట్టిన కాయిళ్లు ఒకటో రెండో, కెపాసిటర్లు ఒకటో రెండో, ట్వీటర్ స్థాయి తగ్గించడానికి తెల్లటి సిమెంటు రెసిస్టర్లు. కొన్నిట్లో ట్వీటర్‌ని కాపాడడానికి చిన్న బల్బు గానీ, వేడెక్కితే నిరోధం పెంచుకునే పాలీస్విచ్ గానీ ఉంటుంది. కాయిల్ కింది ఫ్రీక్వెన్సీలను వదిలి పైవాటిని ఆపుతుంది. కెపాసిటర్ దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఆపాలన్నది భాగం విలువ ఒక్కదాన్ని బట్టి తేలదు. కెపాసిటర్ విలువ కావాలంటే 1ని, రెండు పైలు (2π), ఫ్రీక్వెన్సీ, స్పీకర్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి స్పీకర్ చూపే నిరోధం) ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. 4 ఓమ్‌ల ట్వీటర్‌ని 4,000 హెర్ట్జ్ దగ్గర కోయాలంటే దాదాపు 10 మైక్రోఫారడ్లు వస్తుంది. అదే చోట 4 ఓమ్‌ల వూఫర్‌ని ఆపడానికి కాయిల్ 0.16 మిల్లీహెన్రీలు ఉండాలి. ఇప్పుడు అదే 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వెనక 8 ఓమ్‌ల ట్వీటర్ పెట్టి చూడండి. కోత 2,000 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. అంటే ఫ్రీక్వెన్సీ సగమై, ఒక ఆక్టేవ్ కిందకి. అంగుళం ట్వీటర్ డోముకి 2,000 హెర్ట్జ్ దగ్గర గట్టిగా కదలాల్సిన పని చాలా భారం. గొంతు చీరుకుపోయినట్టు వినబడుతుంది, వాల్యూమ్ పెంచితే ట్వీటర్ లోపలి వాయిస్ కాయిల్ మాడుతుంది. వూఫర్ పక్కన ఇందుకు ఎదురు జరుగుతుంది. 4 ఓమ్‌లకు చేసిన కాయిల్ వెనక 8 ఓమ్‌ల వూఫర్ పెడితే అది 8,000 హెర్ట్జ్ దాకా పాడుతూ ట్వీటర్ పరిధిలోకి చొరబడుతుంది.

ఒక సెట్టులోని క్రాస్ఓవర్‌ని ఇంకో సెట్టు స్పీకర్లకు తగిలించవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కే. రెండిటి మీదా 4 ఓమ్‌లు అని ఉన్నా కూడా వెనకాడాల్సిందే. ఆ 4 అన్నది పేరుకి వేసిన అంకె. వూఫర్ అసలు ఇంపీడెన్స్ తన రెజొనెన్స్ దగ్గర ఎన్నో రెట్లు పైకి లేస్తుంది, మధ్యలో 4కి దగ్గరగా దిగుతుంది, ఆ పైన వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల మళ్లీ ఎక్కుతూ పోతుంది. ఎంత ఎక్కుతుందన్నది వూఫర్ వూఫర్‌కీ మారుతుంది. ఆ ఎక్కుడుని సరిచేయడానికే కొన్ని క్రాస్ఓవర్లలో వూఫర్‌కి సమాంతరంగా ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ వరుసగా పెడతారు. దీన్ని జోబెల్ నెట్‌వర్క్ అంటారు. తయారీదారు తన వూఫర్‌ని కొలిచి వేసిన విలువలు అవి, వేరే వూఫర్‌కి అవి అతకవు. కాంపోనెంట్ సెట్ కొన్నప్పుడు డబ్బులో మంచి భాగం ఈ కొలతలకే పోతుంది. దాన్ని పక్కన పడేసి సంబంధం లేని క్రాస్ఓవర్ తగిలించడం నష్టమే.

కోత ఎంత నిటారుగా ఉంటుందన్నది భాగాల సంఖ్యను బట్టి తేలుతుంది. ఒక్కో దారిలో ఒకే భాగం ఉంటే ఆక్టేవ్‌కి 6 డెసిబెళ్ల చొప్పున శబ్దం తగ్గుతుంది. రెండు భాగాలుంటే 12. ట్వీటర్‌కి 12 మేలు, ఎందుకంటే కిందనుంచి చొరబడే శక్తి త్వరగా తెగుతుంది. అయితే దీనితో ఒక చిక్కు వస్తుంది. ఇలా రెండేసి భాగాలుండే రెండో ఆర్డర్ క్రాస్ఓవర్‌లో కోత దగ్గర వూఫర్ సిగ్నల్‌కీ ట్వీటర్ సిగ్నల్‌కీ ఫేజ్ తేడా 180 డిగ్రీలు. అంటే ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంటుంది. అందుకే చాలా డిజైన్లలో ట్వీటర్‌ని కావాలనే తిరగేసి కలుపుతారు. కొందరు ఆ తిరగేతను పెట్టె లోపలే చేసేస్తారు, కొందరు బుక్‌లెట్‌లో బొమ్మ వేసి వదిలేస్తారు. బొమ్మ చూడకుండా ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ అని కలుపుకుంటూ పోతే కొన్ని సెట్లలో గొంతులు పలికే మధ్యస్థాయిలో గుంట పడుతుంది.

యాంప్ నుంచి స్పీకర్ దాకా

దారి సూటిగానే ఉంటుంది. యాంప్ లేదా స్టీరియో చానెల్ నుంచి రెండు వైర్లు క్రాస్ఓవర్ ఇన్‌పుట్‌కి. అక్కడి నుంచి వూఫర్ అవుట్‌పుట్ వూఫర్‌కి, ట్వీటర్ అవుట్‌పుట్ ట్వీటర్‌కి. ఎడమ చానెల్‌కి ఒక పెట్టె, కుడి చానెల్‌కి ఒక పెట్టె. ఇన్‌పుట్‌నీ అవుట్‌పుట్‌నీ తారుమారు చేయకుండా ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. వూఫర్ వైరు ట్వీటర్ టెర్మినల్‌కి పోతే వూఫర్ సన్నగా చప్పుడు చేసి ఊరుకుంటుంది, కానీ ట్వీటర్ వైరు వూఫర్ టెర్మినల్‌కి పోయిందంటే బేస్ మొత్తం ఆ చిన్న డోము మీద పడి క్షణాల్లో దాని పని అయిపోతుంది.

కొని బిగించే స్టీరియోల వైర్లలో ఒక రంగుల ఒప్పందం ఉంది. ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. అదే రంగు మీద నల్ల గీత ఉంటే మైనస్. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు గ్రౌండ్, నీలం మీద తెల్ల గీత ఉన్నది యాంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు. కారు కంపెనీ బిగించి పంపిన వైర్లకు మాత్రం ఈ రంగులు వర్తించవు, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కాబట్టి కారు వైపు హార్నెస్‌లో రంగు చూసి ఊహించకుండా ఆ కారు వైరింగ్ బొమ్మ చూడాలి, లేదా కొలిచి తేల్చుకోవాలి.

స్టీరియోలోని లోపలి యాంప్ గురించి ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. నేటి స్టీరియోల్లో స్పీకర్ ప్లస్, మైనస్ రెండూ యాంప్ నుంచే నడుస్తాయి. పాట లేనప్పుడు కూడా రెండు వైర్ల మీదా బ్యాటరీ వోల్టేజిలో దాదాపు సగం, అంటే 6, 7 వోల్టులు ఉంటుంది. రెండిటి మీదా సమానంగా ఉంటుంది కాబట్టి స్పీకర్‌కి అది తెలియదు. మైనసే కదా అని ఆ వైరుని కారు బాడీకి తగిలిస్తే మాత్రం చిప్పు షార్ట్ అవుతుంది. ఎడమ మైనస్‌నీ కుడి మైనస్‌నీ కలపడం కూడా అంతే ప్రమాదం. క్రాస్ఓవర్‌లో వూఫర్ మైనస్, ట్వీటర్ మైనస్ విడివిడిగా ఇస్తే వాటినీ విడివిడిగానే ఉంచాలి. వైరు ఆదా చేద్దామని బయట ఒకటిగా ముడివేస్తే, ట్వీటర్‌ని లోపల తిరగేసి కలిపిన డిజైన్లలో సర్క్యూట్ మొత్తం చెడిపోతుంది.

స్టీరియో డబ్బా మీద ఉండే 50 వాట్లు ఇంటూ 4 అన్న అంకె ఎక్కడిదో ఇక్కడే చెప్పుకోవచ్చు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఉండే 14.4 వోల్టులను వర్గం చేసి 4 ఓమ్‌లతో భాగిస్తే 51.8 వస్తుంది. అది యాంప్ పూర్తిగా క్లిప్ అయి, అంటే తరంగం శిఖరాలు తెగిపోయి, చదరపు తరంగం ఇచ్చేటప్పటి అంకె. శుభ్రమైన సైన్ తరంగానికి లెక్క అందులో సగం, దాదాపు 26 వాట్లు. చిప్పులో పోయేది పోగా చేతికొచ్చేది 20 వాట్ల చుట్టుపక్కల. మంచి కాంపోనెంట్ సెట్‌ని ఇంతటితో నడపవచ్చు, పాట వినబడుతుంది. కానీ ప్యాసివ్ క్రాస్ఓవర్, అంటే యాంప్ తర్వాత వచ్చే ఈ పెట్టె, రెసిస్టర్లలో, కాయిళ్లలో కొంత శక్తి మింగేస్తుంది. సెట్ సున్నితత్వం తక్కువైతే వాల్యూమ్ చివరిదాకా తిప్పాల్సి వస్తుంది, అక్కడ క్లిప్పింగ్ మొదలవుతుంది. క్లిప్ అయినప్పుడు బేస్ శిఖరాలు తెగి అక్కడే ఆగిపోతాయి, పై ఫ్రీక్వెన్సీల స్థాయి మాత్రం పెరుగుతూనే ఉంటుంది, దానికి తెగిన తరంగం పుట్టించే హార్మోనిక్స్ తోడవుతాయి. ఆ బరువంతా ట్వీటర్ మీదే. చిన్న యాంప్‌తో ట్వీటర్లు మాడిపోవడం వెనక ఉన్న కారణం ఇదే. వేరే యాంప్ పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

పెట్టె ఎక్కడ బిగించాలి

డోర్ లోపల బిగించడం అందరికీ తోచే మొదటి ఆలోచన. దాని లాభం స్పష్టమే. డోర్‌లోకి ఇప్పటికే వెళ్తున్న ఒక జత వైరు వాడుకోవచ్చు. ఇబ్బంది నీళ్లతో. వాన నీరు కిటికీ అద్దం వెంట జారి డోర్ లోపలికే దిగి, అడుగునున్న రంధ్రాల నుంచి బయటికి పోతుంది. అలా పోయేలాగే డోర్‌ని తయారు చేస్తారు. ప్లాస్టిక్ పొర వెనక, రేకు వైపు, క్రాస్ఓవర్ బిగిస్తే అది తడిసే చోటులో ఉన్నట్టే. బోర్డు మీద రాగి పచ్చబడి, ఏడాదికో రెండేళ్లకో ఒక పక్క ట్వీటర్ మూగబోతుంది. డోర్‌లో తప్పదనుకుంటే పొరకు ఇవతల, డోర్ ప్యాడ్ వైపు, కనెక్టర్లు కిందికి చూసేలా బిగించడం మేలు.

డాష్‌బోర్డ్ కింద గానీ, కాళ్ల దగ్గరి పక్క ప్యానెల్ వెనక గానీ, యాంప్ పక్కన సీటు కింద గానీ పెట్టడం అన్నివిధాలా మంచిది. ట్వీటర్ డాష్ మీదో, ముందు అద్దం పక్కనుండే ‘ఏ-పిల్లర్’ (A-pillar) మీదో ఉంటే దానికి వైరు డోర్‌లోకి వెళ్లాల్సిన అవసరమే రాదు, వూఫర్ జత ఒక్కటే డోర్‌లోకి పోతుంది. సీటు కింద పెడితే సీటు ముందుకీ వెనక్కీ జరిగే దారిలో వైరు చిక్కుకోకుండా చూడాలి. కాయిల్‌ని ఇనుప రేకుకి ఆనించి బిగించినా, స్పీకర్ అయస్కాంతం పక్కనే పెట్టినా దాని ఇండక్టెన్స్ మారుతుంది. నాలుగు వేళ్ల ఎడం ఉంచితే చాలు.

అసలు తలనొప్పి కంపెనీ వైరింగ్‌తో వస్తుంది. చాలా కార్లలో డాష్‌లో ట్వీటర్, డోర్‌లో వూఫర్ ముందే ఉంటాయి. పైకి చూస్తే కాంపోనెంట్ సెట్టే. విప్పి చూస్తే స్టీరియో నుంచి ఒక జత వైరు వచ్చి, మధ్యలో ఎక్కడో చీలి, రెండు స్పీకర్లకూ సమాంతరంగా వెళ్తుంది. ట్వీటర్ వెనక ఒక చిన్న కెపాసిటర్ అతికించి ఉంటుంది, వూఫర్‌కి ఏమీ ఉండదు. కొత్త సెట్ తెచ్చి డోర్‌లోని వూఫర్ వైరుకి క్రాస్ఓవర్ తగిలించి, దాని ట్వీటర్ అవుట్‌పుట్ నుంచి డాష్‌కి కొత్త వైరు లాగి, పాత ట్వీటర్ ప్లగ్గుని అలాగే వదిలేస్తే ఒకే చానెల్ మీద రెండు ట్వీటర్లు మోగుతాయి. పాత ట్వీటర్‌ని తప్పకుండా విప్పి, ఆ వైరు కొనలు ఇన్సులేట్ చేయాలి.

ఇంకో దారి కూడా ఉంది. కొన్ని సెట్లతో పెట్టె ఉండదు. ట్వీటర్ వైరులో ఒక కెపాసిటర్, వూఫర్ వైరులో ఒక కాయిల్, విడివిడిగా చిన్న గొట్టాల్లా వస్తాయి. వీటిని కంపెనీ చీల్చిన వైర్లలో ఎక్కడివక్కడ పెట్టేయవచ్చు, కొత్త వైరు లాగే పని తప్పుతుంది. కారు డోర్లు విప్పి రబ్బరు గొట్టంలోంచి వైరు తోయడం వద్దనుకునేవారికి ఇది మంచి రాజీ. డోర్‌కీ బాడీకీ మధ్య గొట్టం బదులు పెద్ద ప్లాస్టిక్ ప్లగ్ ఉన్న కార్లలో అయితే ఖాళీ పిన్ను వెతకాలి, లేకపోతే ఆ ప్లగ్గుకే చిల్లు పెట్టాలి. అక్కడ పవర్ విండో వైర్లు కూడా ఉంటాయి కాబట్టి ఆ పని అలవాటున్న చేతికి వదిలేయడం ఉత్తమం.

ప్లస్, మైనస్ ఎప్పుడు నమ్మాలి

పోలారిటీ గురించి రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి, వాటిని కలిపి చూస్తే గందరగోళమే మిగులుతుంది. మొదటిది ఎడమ వూఫర్‌కీ కుడి వూఫర్‌కీ మధ్య. ఇక్కడ అనుమానానికి తావు లేదు, రెండూ ఒకే తీరులో ఉండాలి. 100 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. కారు క్యాబిన్ అంతకన్నా చిన్నది. ఒక వూఫర్ ముందుకి తోస్తుండగా ఇంకోటి వెనక్కి లాగితే ఆ గాలి అక్కడికక్కడే సర్దుకుపోతుంది, బేస్ మాయమవుతుంది. పాడే గొంతు మధ్యలో నిలవకుండా చెదిరిపోతుంది. స్టీరియోలో బ్యాలెన్స్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పినప్పుడు బేస్ పెరిగిందంటే ఒక వూఫర్ తిరగబడిందనే అర్థం. తేల్చుకోవడానికి 1.5 వోల్ట్ బ్యాటరీ చాలు. యాంప్ వైపు వైర్లు విప్పి, బ్యాటరీ ప్లస్‌ని స్పీకర్ ప్లస్ వైరుకి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకిస్తే కోను బయటికి రావాలి. మధ్యలో క్రాస్ఓవర్ ఉన్నా ఈ పరీక్ష వూఫర్‌కి పనిచేస్తుంది, కాయిల్ డీసీని ఆపదు. ట్వీటర్ మీద మాత్రం దీన్ని ప్రయోగించకూడదు.

ఒక పొరపాటు ఇక్కడ తరచూ జరుగుతుంది. బేస్ లేదు కాబట్టి పోలారిటీయే తప్పని తీర్మానించి వైర్లన్నీ మళ్లీ విప్పుతారు. వూఫర్ చుట్టూ ఉన్న రింగుకీ డోర్ రేకుకీ మధ్య సందు ఉంటే, కోను వెనక గాలి ముందుకి కారిపోయి సరిగ్గా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఫోమ్ పట్టీ అంటించి, డోర్ లోపలి పెద్ద రంధ్రాలు మూస్తే తిరిగి వచ్చే బేస్‌ని ఎన్ని వైర్లు మార్చినా తేలేం.

రెండో ప్రశ్న వూఫర్‌కీ ట్వీటర్‌కీ మధ్య. ఇక్కడ కాగితం మీది గుర్తు చివరి మాట చెప్పలేదు. 3,500 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 10 సెంటీమీటర్లు. అందులో సగం 5. అంటే చెవికి వూఫర్ కన్నా ట్వీటర్ 5 సెంటీమీటర్లు దగ్గరైనా దూరమైనా, ఆ ఫ్రీక్వెన్సీలో ట్వీటర్ వైర్లు తిరగేసినంత తేడా వచ్చేస్తుంది. డోర్ అడుగున వూఫర్, ‘ఏ-పిల్లర్’ మీద ట్వీటర్ ఉన్న కారులో చెవికి ఆ రెండిటి దూరాల్లో తేడా ఇంతకు ఎన్నో రెట్లు. తయారీదారు రెండు స్పీకర్లనూ పక్కపక్కన పెట్టి కొలిచి ఇచ్చిన పోలారిటీ ఈ కారులో ఈ చోట సరిపోతుందన్న హామీ లేదు.

కాబట్టి విని తేల్చుకోవాలి. బుక్‌లెట్‌లో చెప్పినట్టే మొదట కలపాలి. ఒక పక్క చానెల్ మాత్రమే మోగేలా బ్యాలెన్స్ తిప్పి, పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉండే పరీక్ష శబ్దం) గానీ ఒంటరి గొంతు పాట గానీ పెట్టి, మామూలుగా కూర్చునే చోట కూర్చుని వినాలి. తర్వాత ట్వీటర్ వైర్లు రెండూ తారుమారు చేసి మళ్లీ వినాలి. ఏ అమరికలో గొంతు నిండుగా, దగ్గరగా ఉందో అది సరైనది. పలచబడి, ముక్కుతో పలికినట్టున్నది తప్పు. రెండో పక్క కూడా ఇలాగే. చివరగా రెండు పక్కలా కలిపి విన్నప్పుడు గొంతు డాష్ మధ్యలో నిలబడాలి. ఎడమకొకటి, కుడికొకటి వేర్వేరుగా తేలితే, గొంతు నిలిచే అమరికకే మొగ్గు చూపాలి.

క్రాస్ఓవర్ మీది స్విచ్‌లో సున్నా, మైనస్ 3 అని ఉండేది ట్వీటర్ స్థాయి. 3 డెసిబెళ్లు తగ్గిస్తే ట్వీటర్‌కి వెళ్లే శక్తి సగమవుతుంది. డాష్ మీద అద్దం వైపు చూస్తున్న ట్వీటర్ శబ్దం అద్దం మీద పడి ఇంకా పదునెక్కుతుంది, అక్కడ మైనస్ 3 వైపు మొగ్గడం మంచిది. పోలారిటీ తేలాకే ఈ స్విచ్ ముట్టుకోవాలి. తప్పు ఫేజ్‌లో పడ్డ గుంటని స్థాయి పెంచి పూడ్చడం కుదరదు.

ప్యాసివ్ పెట్టె వదిలేస్తే

నాలుగు చానెళ్ల యాంప్ ఉంటే, ముందు రెండు వూఫర్లకూ రెండు ట్వీటర్లకూ తలో చానెల్ ఇచ్చి, కోత పనంతా స్టీరియోకో డీఎస్‌పీకో (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) అప్పగించవచ్చు. దీన్నే యాక్టివ్ అంటారు. స్పీకర్ ఇంపీడెన్స్ ఎంత ఊగినా కోత కదలదు, ఎందుకంటే కోత యాంప్‌కి ముందే జరిగిపోతుంది. ఆక్టేవ్‌కి 24 డెసిబెళ్ల వాలు తేలిగ్గా దొరుకుతుంది. అప్పట్లో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో ఇంజనీర్లుగా ఉన్న సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీల పేరు మీద నిలిచిన లింక్‌విట్జ్ రైలీ పద్ధతి కారు ఆడియోలో ఎక్కువగా కనబడేది ఇలాంటి చోటే. లింక్‌విట్జ్ వ్యాసం 1976లో వచ్చింది. అందులో కోత దగ్గర రెండు స్పీకర్లూ 6 డెసిబెళ్లు తగ్గి, ఒకే ఫేజ్‌లో కలుస్తాయి. కాబట్టి 24 డెసిబెళ్ల వాలులో ట్వీటర్‌ని తిరగేయాల్సిన పని కాగితం మీద లేదు. పైగా డీఎస్‌పీ దూరాల తేడాని ఆలస్యంతో సరిచేస్తుంది. ఒక మిల్లీసెకను ఆలస్యం అంటే 34 సెంటీమీటర్ల దూరం.

బదులుగా ప్రమాదం పెరుగుతుంది. ట్వీటర్‌కీ యాంప్‌కీ మధ్య ఇప్పుడేమీ లేదు. సెట్టింగ్‌లో 4,000 బదులు 80 పడినా, స్టీరియో నుంచి యాంప్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లు తారుమారైనా, ఆన్ చేసినప్పుడు ధబ్‌మన్న చప్పుడు వచ్చినా దెబ్బ నేరుగా ట్వీటర్ కాయిల్‌కే. 4 ఓమ్‌ల ట్వీటర్‌కి వరుసగా 40 మైక్రోఫారడ్ల నాన్ పోలార్ లేదా ఫిల్మ్ కెపాసిటర్ పెడితే దాని కోత 1,000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 4,000 దగ్గరి అసలు కోతను అది పెద్దగా కదిలించదు, డీసీని మాత్రం పూర్తిగా ఆపేస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఇక్కడ పనికిరాదు.

ప్యాసివ్ పెట్టె ఉంచుకుంటూనే యాంప్‌లో హై పాస్‌ని (పెట్టిన ఫ్రీక్వెన్సీకి కిందివాటిని కోసే ఫిల్టర్) వేల హెర్ట్జ్‌లకు తిప్పడం మాత్రం అర్థం లేని పని, వూఫర్‌కి ఇక మిగిలేది ఉండదు. 70, 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ పెట్టడం మాత్రం మంచిది. డోర్ వూఫర్ మోయలేని లోతైన బేస్ తెగిపోయి మిగతాది శుభ్రపడుతుంది.

మల్టీమీటర్ చెప్పేది, చెప్పనిది

అన్నీ కలిపాక, యాంప్‌కి తగిలించే ముందు, క్రాస్ఓవర్ ఇన్‌పుట్ వైర్ల మీద మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి చూడాలి. 4 ఓమ్‌ల సెట్‌కి 3.2 నుంచి 4 మధ్య ఏదో ఒకటి కనబడుతుంది. ఇది వూఫర్ కాయిల్ డీసీ నిరోధం, దానికి క్రాస్ఓవర్ కాయిల్ నిరోధం కాస్త కలిసింది. ట్వీటర్ ఇందులో లేదు. కెపాసిటర్ డీసీని రానివ్వదు కాబట్టి ట్వీటర్ ఉన్నా, ఊడినా, మాడినా ఇక్కడ ఒకటే రీడింగ్ వస్తుంది. ట్వీటర్‌ని విడిగా, వైర్లు విప్పి కొలవాల్సిందే. ఇన్‌పుట్ దగ్గర సున్నాకి దగ్గరగా కనబడితే ఎక్కడో షార్ట్ ఉంది. 2 కన్నా తక్కువైతే ఇంకో స్పీకర్ ఏదో సమాంతరంగా కలిసి ఉంది, బహుశా కంపెనీ వైరింగ్‌లో మరిచిపోయినది. ఆ తర్వాత ఒక్కో వైరుకీ కారు బాడీకీ మధ్య కొలిస్తే ఓపెన్ రావాలి.

మీటర్ పట్టుకోలేని తప్పు ఒకటుంది, యాంప్‌కి ఇది నిజంగా ప్రమాదం. రెండో ఆర్డర్ క్రాస్ఓవర్‌లో ట్వీటర్ దారి చూడండి. వరుసగా కెపాసిటర్, దాని తర్వాత ట్వీటర్‌కి అడ్డంగా కాయిల్. ట్వీటర్ ఊడిపోతే కెపాసిటరూ కాయిలూ మాత్రమే వరుసగా మిగులుతాయి. కోత ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కల ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, యాంప్‌కి ఇక కనబడేది కాయిల్ రాగి నిరోధం ఒక్కటే. అది ఒక ఓమ్‌లో కొంత భాగం. డీసీ కొలతలో అంతా బాగున్నట్టే ఉంటుంది, గట్టిగా పాట పెట్టినప్పుడు యాంప్ ప్రొటెక్ట్‌లోకి పోతుంది, అంటే తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. వూఫర్ ఊడినా యాంప్‌కి ఇదే ప్రమాదం, కాకపోతే అప్పుడు మీటర్ ఓపెన్ చూపించి పట్టిస్తుంది. కాబట్టి మాడిన ట్వీటర్‌ని తీసేసి, కొత్తది వచ్చేదాకా వూఫర్‌తో నడిపిద్దాం అనుకుంటే, ఆ కొన్నాళ్లూ క్రాస్ఓవర్‌ని కూడా పక్కన పెట్టి వూఫర్‌ని నేరుగా కలుపుకోవాలి.

వైరు మందం గురించి అక్కర్లేనంత చర్చ జరుగుతుంది. 18 గేజ్ రాగి వైరుకి మీటరుకి 0.021 ఓమ్ నిరోధం. యాంప్ నుంచి డోర్‌కి 5 మీటర్లంటే రానుపోను 10 మీటర్లు, మొత్తం 0.21 ఓమ్. 4 ఓమ్‌ల స్పీకర్ దగ్గర పోయేది అర డెసిబెల్ కూడా ఉండదు. 16 గేజ్ తీసుకుంటే నిశ్చింత, అంతకు మించి మందం డోర్ గొట్టంలో దూరడం కష్టం. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు మాత్రం అదే మందానికి ఒకటిన్నర రెట్ల నిరోధం చూపిస్తుంది, పైగా డోర్ తెరిచి మూసే మలుపులో త్వరగా విరుగుతుంది. అసలు రాగి కొనడమే మేలు. అతుకుల దగ్గర క్రింప్ గానీ సోల్డర్ గానీ చేసి హీట్ ష్రింక్ వేయాలి. ఎండకి కారు లోపల మరిగిపోయే చోట ఇన్సులేషన్ టేపు జిగురు నిలవదు.

యాంప్ విడిగా పెడితే బ్యాటరీ నుంచి వచ్చే వైరులో, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు వైరుని కాపాడడానికి. యాంప్ గ్రౌండ్ పొట్టిగా, పెయింట్ గీకిన రేకుకి బోల్టుతో బిగించాలి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు యాంప్ గెయిన్ పూర్తిగా కిందికి, స్టీరియో ఈక్వలైజర్ సున్నాకి, ట్వీటర్ స్విచ్ మైనస్ వైపు. ఒక్కో చానెల్‌నీ తక్కువ వాల్యూమ్‌లో విని, ప్రతి వూఫరూ ప్రతి ట్వీటరూ తన వంతు పాడుతోందని చేతిని దగ్గర పెట్టి, చెవిని దగ్గర పెట్టి చూసుకున్నాక, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర ఉంచి గెయిన్‌ని నెమ్మదిగా పైకి తిప్పుతూ శబ్దం మొరటుబారే చోటికి కాస్త ముందే ఆపేయాలి.